ఉపధర్ముడు ఊఁ కొట్టాడు

ధర్మేంద్రకి ఏడాదిలో పది నెలలు సంసారం బాగానే ఉంటుంది. మిగిలిన రెండు నెలలూ బళ్ళకి సెలవులు.

ఇందులో భవాని తప్పేమీ లేదు. చీపురుపల్లికి కాస్త అవతలున్న హైస్కూల్లో ఆవిడ లెక్కల టీచరు. పొద్దున్నే స్కూటీ ఎక్కిందంటే సాయంత్రందాకా ఆవిడ మాటల్ని తొమ్మిదో తరగతీ పదో తరగతీ సమానంగా పంచుకునేవి. వేసవి వచ్చి పిల్లలు తప్పించుకునేసరికి ఆ వాటాలన్నీ మొగుడి పద్దులో పడేవి.

ధర్మేంద్ర బెంగుళూరు కంపెనీకి చీపురుపల్లి మేడ మీంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. వయసు నలభై లోపే గానీ నిట్టూర్పు మాత్రం రిటైరైన తాసిల్దారుది. పొద్దున్న నించి సాయంత్రందాకా మీటింగులు. మొదటి మీటింగులో జరిగిన పొరపాట్ల మీద రెండోది, రెండోది ఎందుకు ఆలస్యమైందో తేల్చడానికి మూడోది. మధ్యలో స్టేషన్లో బండి కూత పెడితే మైకు కట్టేస్తాడు. ఆ కూత ఉన్నంతసేపే అతనికి విశ్రాంతి. గూడ్సు బండి వస్తే పండగే.

అలిసిపోయిన మనిషి పడుకోవాలి. ధర్మేంద్ర పడుకోడు, ఏదో ఒకటి తయారుచేస్తాడు. కదలిక ఉంటే వెలిగి, కదలిక లేకపోతే ఆరిపోయే దీపం ఒకటి చేసి స్నానాలగదిలో పెట్టాడు. చుట్టపుచూపుగా వచ్చిన మేనత్త నారాయణమ్మ, అంటే భవాని తల్లే, ఆ దీపం కింద చీకట్లో చేతులూపుతూ "ఒరే ధర్మా, నానింకా ఇక్కడే ఉన్నాన్రా!" అని గదికి మొరపెట్టుకుంది. మట్టి ఎండితే తనంతట తనే నీళ్ళు పోసే యంత్రం చేసి తులసికోటలో పాతాడు. పాపం ఆ తులసికి ఈత రాదు.

ఈ ఏడు సెలవులు మొదలైన రోజే సంగతి ఇలా ఉంది.

"బావా! కిందకోసారి రా."

"మీటింగులో ఉన్నాను భవానీ!"

"మీటింగులో నువ్వేటి మాటాడతన్నావు? ఇందాక టీ ఇచ్చినప్పుడు గోడకేసి సూస్తన్నావు గదా!"

"వింటన్నాను!"

"అయితే నాదీ ఇను. గేసు బండ మార్చాల. కూరకి బీరకాయా, ఆనపకాయా? ఆ కిటికీ రెక్క ఊడిపోతాది, సూసేవా?"

రోజుకి ఇరవైసార్లు మెట్లు దిగడం, ఎక్కడం. మూడోరోజుకి ధర్మేంద్ర మోకాళ్ళు రాజీనామా చేశాయి. వంటింట్లో పోపులడబ్బా పక్కన ఒక మైకూ, అగ్గిపెట్టెంత స్పీకరూ పెట్టి, మేడ మీద తన బల్లకి కలిపాడు. "ఇంక అరవక్కర్లేదు. మామూలుగా మాటాడు, నాను పైనించే పలుకుతాను" అన్నాడు. భవాని సంబరపడింది. అరవక్కర్లేకపోయేసరికి ఆవిడ గొంతుకీ అలుపు లేకుండా పోయింది. ఇరవైసార్లు కాస్తా అరవైసార్లయింది.

అప్పుడు పుట్టింది ఆ ఆలోచన.

తను జవాబుగా అనే మాటలేమిటి? ధర్మేంద్ర ఓ రోజంతా కూర్చుని లెక్క తీశాడు. ఊఁ. ఆఁ. అలాగే. సూస్తాన్లే. నీ ఇష్టం. పన్నెండేళ్ళ సంసారం ఈ అయిదు మాటల మీద నడిచిపోయింది. ఈ అయిదు మాటలకి ఒక ఇంజనీరు ఎందుకు?

అయిదింటినీ తన గొంతుతో, విసుగ్గా ఒకసారీ ప్రేమగా ఒకసారీ, రికార్డు చేసుకున్నాడు. తాంబూలం పెట్టెంత కంప్యూటరు ఒకటి అతని సొరుగులో ఎప్పటినించో ఖాళీగా ఉంది. దాంట్లో ఈ మాటలు పోశాడు. భవాని గొంతు వినబడితే వినాలి, ఆవిడ ఆగితే రెండు క్షణాలు తటపటాయించాలి, ఆపైన అయిదింట్లో ఒకటి అనాలి. ఆ తటపటాయింపు పెట్టినందుకు తన భుజం తనే తట్టుకున్నాడు. సర్పంచికి ఉపసర్పంచి ఉన్నట్టు తనకీ ఒకడు ఉండాలనుకుని దానికి ఉపధర్ముడు అని పేరు పెట్టాడు.

ఒక జాగ్రత్త కూడా పడ్డాడు. భవాని ఏమందో అక్షరాల్లో రాసిపెట్టే ఏర్పాటు చేశాడు, తీరిగ్గా సాయంత్రం చదువుకోవచ్చని. తీరా ఆ రాసే ప్రోగ్రాముకి పుస్తకాల తెలుగే వచ్చు. "ఏటి సేస్తన్నావు బావా" అని భవాని అంటే తెర మీద "ఏటి చేపలు తిన్నావు బావా" అని పడింది. రెండు పేజీలు చదివి, ఇంట్లో చేపలెవరు తెచ్చారో అర్థంకాక కట్టేశాడు.

మొదటి రెండురోజులూ స్వర్గం. కింద భవాని మాట్లాడుతోంది, పైన పెట్టె పలుకుతోంది, మధ్యలో ధర్మేంద్ర పన్నెండేళ్ళలో మొదటిసారి తన ఆలోచన ఒకటి మొదలుపెట్టి చివరిదాకా ఆలోచించాడు. చివర ఏమీ లేదు గానీ, వెళ్ళి చూడటమే గొప్ప.

మూడోరోజు మధ్యాహ్నం అన్నానికి దిగితే భవాని కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది.

"సేతికేటైంది?"

భవాని అన్నం పెడుతున్న గరిటె ఆపి అతనికేసి చూసింది. "పొద్దున్న సెప్పాను గదా."

"ఆఁ ఆఁ, అవును. సెప్పావు." ధర్మేంద్ర పప్పు కలుపుకోవడంలో మునిగిపోయాడు. "ఇప్పుడెలాగుంది?"

"నువ్వప్పుడన్నట్టే ఉన్నాది" అంది భవాని.

అదేమిటో అతను అడగలేదు. అడిగే మొహం ఏది?

మర్నాడు పొద్దున్న గుమ్మంలో ఆటో ఆగింది. బస్తాలు దిగాయి. లోపల మామిడికాయలు.

"ఇన్ని కాయలేటి భవానీ? ఊరికంతా ఊరగాయ పెడతావేటి?"

"నువ్వే గదా బావా! రెండొందల కాయలు తెప్పిస్తాను, కొడతావా అనడిగితే అలాగే అన్నావు. ఒక్కడివే కొడతావా అంటే ఊఁ అన్నావు. నా సెయ్యి సూస్తే ఇలాగున్నాది."

ధర్మేంద్ర బస్తాలకేసి చూశాడు, మెట్లకేసి చూశాడు. నేను కాదు, పెట్టె అంది అనడానికి నోరు రాలేదు. "అన్నాను, అన్నాను. మర్చిపోయాను" అని కత్తీ పీటా ముందేసుకుని కూర్చున్నాడు. కొట్టిన మొదటి కాయకి టెంక ఎగిరి తులసి లేని తులసికోటలో పడింది.

ఆ మర్నాడు బండి దిగి నారాయణమ్మ వచ్చింది. ఆవిడుండేది భోగాపురం దగ్గర పల్లెలో, కొడుకూ కోడలి దగ్గర. రెండు సంచులు, ఒక ట్రంకుపెట్టె, తలగడతో సహా దిగింది. తలగడ తెచ్చుకున్న చుట్టం నాలుగురోజుల్లో వెళ్ళదని ధర్మేంద్రకి తెలుసు.

"నువ్వు రమ్మన్నావని భవాని ఫోన్ సేసిందిరా ధర్మా! వేసవంతా ఉండమన్నావంట. నా కడుపు నిండిపోయిందనుకో!"

ధర్మేంద్ర భవానికేసి చూశాడు.

"నాలుగుసార్లడిగాను బావా, తొందరపడకూడదని. మూడుసార్లు అలాగే అన్నావు. నాలుగోసారి నీ ఇష్టం అన్నావు, అదీ ఎంత ప్రేమగా అన్నావో!"

అది ప్రేమగా రికార్డు చేసిన 'నీ ఇష్టం'. ధర్మేంద్రకి బాగా గుర్తుంది. మూడుసార్లు తీసి, బాగా వచ్చింది ఉంచాడు.

అప్పుడే పెట్టెని పీకేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. అలా చేస్తే భవాని అడిగే ప్రతిదానికీ తనే పలకాలి. ఓపిక లేదు. పైగా ఇంకో చిక్కు. నారాయణమ్మ గొంతూ కూతురి గొంతూ ఒకే అచ్చు. ఆవిడ వంటింట్లో పీట వేసుకుని కూర్చుని చింతపండు గింజలు తీస్తూ ఏదో అంటే, పోపులడబ్బా పక్కనించి అల్లుడు "ఊఁ" అన్నాడు. నారాయణమ్మ చెయ్యి ఆగిపోయింది. ఇంకో మాట అంది. "ఆఁ" అన్నాడు. డెబ్భై ఏళ్ళలో ఆవిడ మాటకి ఇంత వరసగా ఊఁ కొట్టిన మొగవాడు లేడు. తన పెళ్ళినాటి అలకల దగ్గర మొదలుపెట్టింది.

ఇక ధర్మేంద్ర పెరట్లో కాయలు కొట్టాలి, మేడ మీద మీటింగులకి కూర్చోవాలి. ఒక మనిషి రెండు చోట్ల ఎలా ఉంటాడు? ఉపధర్ముడు ఉండగా ఎందుకు ఉండడు! ఆఫీసు మీటింగుని కూడా పెట్టెకే కలిపాడు. మేనేజరు శ్రీలలిత విజయనగరం ఆవిడే, బెంగుళూరులో ఉంటున్నా మనవాళ్ళతో తెలుగులోనే మాట్లాడుతుంది. ఆవిడ ఆగినప్పుడల్లా పెట్టె "అలాగే" అంటోంది. రోజుకి పాతిక కాయల చొప్పున వారం గడిచింది. ధర్మేంద్ర బాగా మారాడని శ్రీలలిత మెచ్చుకుంటూ ఉత్తరం కూడా రాసింది. మామిడిసొన అంటిన వేళ్ళతో అతను ఆ ఉత్తరం చదువుకున్నాడు. తొమ్మిదేళ్ళు నిజంగా పనిచేస్తే రాని మెప్పు.

గురువారం పొద్దున్న మీటింగు మొదలయ్యే వేళకి పెట్టె మొండికేసింది. కింద భవాని "బావా, ఎండెక్కిపోతంది, కాయలు!" అని పిలుస్తోంది. ధర్మేంద్ర హడావిడిగా ప్రోగ్రాములో ఒక వరస మార్చి, పెట్టె మళ్ళీ పలకడం చూసి, పెరట్లోకి పరుగెత్తాడు. ఆ ఒక్క వరసతో ఆఫీసు చెవినీ వంటింటి చెవినీ కలిపేశానని అతనికి తెలియదు.

వంటింట్లో నారాయణమ్మ చేటలో ఆవాలు బాగుచేస్తోంది. స్పీకర్లోంచి ఆడగొంతు వచ్చింది.

"ధర్మేంద్రా, శనివారం పని నువ్వు చూసుకుంటావా?"

"అలాగే" అన్నాడు ఉపధర్ముడు.

నారాయణమ్మ చేట కిందపెట్టింది. "ఎవర్తివే నువ్వు? మా వంటింట్లో దూరి మా అల్లుడితో మాటాడతన్నావు?"

బెంగుళూరులో తొమ్మిదిమంది ఒక్కసారి సర్దుకు కూర్చున్నారు.

"నేను శ్రీలలితనండీ. ధర్మేంద్ర మేనేజర్ని. మీరు..."

"ఆడి అత్తని. శనివారం ఆడికి కుదరదు తల్లీ. మమ్మల్ని భోగాపురం తీసుకెల్తానన్నాడు."

"నాకు చూసుకుంటానన్నాడే!"

"అలాగే" అన్నాడు ఉపధర్ముడు, ఇద్దరికీ కలిపి.

"సూసేవా, ఎంత నిదానస్తుడో" అంది నారాయణమ్మ. "నాన్సెప్తే మా కోడలు ఇనదు, కొడుకు ఇనడు. ఈడొక్కడే ఇంటాడు."

"మా మాట కూడా ఈ వారం రోజులుగానే వింటున్నాడండీ" అంది శ్రీలలిత. "ఆవకాయ పెడుతున్నారా? ఆవాలు ఎండబెట్టి దంచుతారా, వేయించా?"

"వేపితే సేదొస్తాది గదమ్మా! ఎండబెట్టాల."

"నీ ఇష్టం" అన్నాడు ఉపధర్ముడు ప్రేమగా.

భవాని అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. పెరటివైపు తిరిగి, ఏమీ ఎరగనట్టు పిలిచింది. "బావా! ఒక్కసారి ఇలా రా. మీ ఆఫీసు మన వంటింట్లోకి వచ్చింది."

కత్తి ఒక చేతిలో, సగం కాయ ఒక చేతిలో పట్టుకుని ధర్మేంద్ర పరుగెత్తుకొచ్చాడు. గుమ్మంలో ఆగిపోయాడు. నారాయణమ్మ అల్లుడికేసి చూసి, స్పీకరుకేసి చూసి, మళ్ళీ అల్లుడికేసి చూసింది.

"ఒరే ధర్మా, నువ్విక్కడుంటే మరి అందులో ఉన్నదెవర్రా?"

ధర్మేంద్ర చేతిలో సగం కాయని వెనక్కి దాచుకున్నాడు.

"ఊఁ" అన్నాడు లోపలివాడు.

"ధర్మేంద్రా" అంది శ్రీలలిత నెమ్మదిగా, "అక్కడున్నావా?"

"ఉన్నాను మేడమ్."

"నువ్వేనా?"

"నేనే మేడమ్. నిజంగా నేనే."

"ఈ వారమంతా?"

ధర్మేంద్ర కిటికీకేసి చూశాడు. స్టేషన్లోంచి బండి కూత కూడా రాలేదు.

"శనివారం పని భాస్కర్ చూసుకుంటాడు" అంది శ్రీలలిత. "నువ్వు వాళ్ళని భోగాపురం తీసుకెళ్ళు. సోమవారం నించి మాత్రం మీటింగుకి నువ్వే రా. కెమెరా వేసుకుని రా. అత్తగారూ, వెల్లుల్లి ఎంత వెయ్యాలో తర్వాత ఫోన్ చేసి కనుక్కుంటాను." స్పీకరు మూగబోయింది.

ధర్మేంద్ర కత్తి గట్టుమీద పెట్టాడు. పిడుగు పడుతుందని తల వంచుకుని నిలబడ్డాడు. ఎంతకీ పడలేదు. తలెత్తి చూస్తే భవాని బెల్లం ముక్క నములుతోంది.

"నీకు... ముందే తెలుసేటి?"

"మూడోరోజు నించి తెలుసు."

"మూడోరోజు?"

భవాని గుడ్డ విప్పిన చెయ్యి చూపించింది. మణికట్టు పైన నల్లటి మచ్చ, రూపాయి బిళ్ళంత.

"పోపు ఎగిరి నూనె పడింది. 'సెయ్యి కాలిపోయింది బావా' అనరిచాను. అలాగే అన్నావు. మందెక్కడెట్టావంటే నీ ఇష్టం అన్నావు. ఏటైపోయిందో మనిషికని మేడెక్కొచ్చాను. నువ్వు సెవులకి ఆ డిప్పలెట్టుకుని అటు తిరిగి కూకున్నావు. బల్ల మీద పెట్టె మైకు దగ్గర నిలబడి, ఊరికే, 'మన ఊళ్ళో సునామీ వచ్చింది' అన్నాను. సూస్తాన్లే అంది అది."

నారాయణమ్మ నవ్వబోయి, కూతురి మొహం చూసి మానేసింది.

"కిందకొచ్చి కూకున్నాను. కాసేపు ఏడుపొచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత, దీంతో నాకు పనున్నాది గదా అనిపించింది."

"మామిడికాయలు..."

"అవీ, అమ్మని రప్పించడమూ సిన్నవి బావా." భవాని చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "ఆ కాలడానికి ముందురోజు నాను నిజంగానే ఒకటడిగాను. ఈ బళ్ళో ఎనిమిదేళ్ళు నిండిపోయాయి, బదిలీ తప్పదు, ఎటెల్దాం బావా అనడిగాను. నువ్వు నీ ఇష్టం అన్నావు. అబ్బ, ఎంత మంచోడు అనుకున్నాను. ఆ పూట నీకని పాయసం కూడా కాసేను."

ధర్మేంద్రకి పాయసం గుర్తుంది. ఎందుకు కాసిందో అడగకుండా రెండు గ్లాసులు తాగాడు. ఆ సంగతి తలుచుకుంటే కాయలు కొట్టిన భుజంకంటే లోపలెక్కడో ఎక్కువ నొప్పి పుట్టింది.

"అయితే... ఇప్పుడు మాటాడుకుందాం" అన్నాడు. "బదిలీ అంటే చిన్న సంగతా? నాకు నెట్టు ఉండాల, కరెంటుండాల. విజయనగరం టౌన్లో అయితే..."

"ఆప్షన్లు పెట్టీసేను. ఆర్డరూ వచ్చేసింది. మొన్న సోమవారం."

"ఎక్కడికి?"

"భోగాపురం దగ్గర. అమ్మావాళ్ళ ఊరికి ఆటో దూరం."

ధర్మేంద్ర పీట మీద కూలబడ్డాడు. "నన్నో మాట అడగొద్దేటి భవానీ?"

"పదకొండుసార్లడిగాను" అంది లెక్కల టీచరు. "ఏడుసార్లు పలికేది పెట్టె అని తెలిసే అడిగాను, అది వేరే సంగతి. పదకొండుసార్లూ ఒప్పుకున్నావు. నీ గొంతే, అమ్మ సాక్ష్యం."

"నీ గొంతేరా" అంది నారాయణమ్మ.

చేసేది లేక ధర్మేంద్ర మేడెక్కి పెట్టె పీక్కుని కిందకి తెచ్చాడు. తీగలు చుట్టి సొరుగులో పారేద్దామని చూస్తే నారాయణమ్మ అడ్డంపడింది.

"దాన్నెందుకు పీకేవురా? అది నాకియ్యి."

"నీకెందుకత్తా అది? అది మనిషి కాదు. నువ్వు సెప్పింది దానికి ఒక్క ముక్క అర్థం కాదు."

"నీకర్థమవుద్దేటి?"

ధర్మేంద్ర ఆలోచించాడు.

"మా ఇంట్లో పెట్టుకుంటాను. నువ్వయితే ప్రతిదానికీ 'ఎందుకత్తా' అంటావు. ఆ సిన్నల్లుడు ఒక్కసారి అనలేదు. నా పెళ్ళి సంగతి సగంలో ఆగిపోయింది, అదింకా సెప్పాల." ఆవిడ పెట్టెని పమిటలో చుట్టి ట్రంకుపెట్టెలో చీరల మధ్య భద్రంగా పడుకోబెట్టింది.

శనివారం ముగ్గురూ భోగాపురం వెళ్ళారు. ధర్మేంద్ర దారిపొడుగునా కొత్త బడి గురించి అడుగుతూనే ఉన్నాడు. పిల్లలెంతమంది, హెడ్మాస్టరెలాంటివాడు, స్కూటీ మీద ఎంతసేపు. ప్రాయశ్చిత్తంగా మొదలుపెట్టాడు గానీ, చెబుతుంటే నిజంగానే వినాలనిపించింది. పదో తరగతి పిల్లలు వదల్లేక ఏడ్చారట, ఒకమ్మాయి లెక్కల పుస్తకం మీద సంతకం పెట్టించుకుందట. ఇవన్నీ జరిగి నెల దాటింది. పోపులడబ్బా పక్కన ఎప్పుడో చెప్పే ఉంటుంది.

అద్దెకి చూసిన ఇల్లు బాగానే ఉంది. గాలి సముద్రంవైపు నించి వస్తోంది, నెట్టు కూడా వస్తుందని ఓనరు మరిడమ్మ ప్రమాణం చేసింది. మేడ లేదు. వంటింటిని ఆనుకుని చిన్న గది, రెండింటికీ మధ్య మనిషి పట్టేంత ఖాళీ గుమ్మం.

"నీ ఆఫీసు గది ఇదే బావా" అంది భవాని.

ధర్మేంద్ర గుమ్మంలో నిలబడి చట్రం తడిమాడు. బందుల ఆనవాళ్ళు ఉన్నాయి, మేకులు పీకిన కన్నాలు ఇంకా తాజాగా ఉన్నాయి.

"దీనికి తలుపుండాలి గదా! ఏటైంది?"

"ఉండేది" అంది మరిడమ్మ. "టీచరుగారు మొన్న ఫోన్ సేసి, అద్దెకి దిగాలంటే అది తీయించీమన్నారు."

ధర్మేంద్ర పెళ్ళాం వైపు తిరిగాడు. భవాని అప్పటికే వంటగట్టు దగ్గర నిలబడి, బీరకాయ తరుగుతున్నట్టు చెయ్యి ఆడించి, అక్కణ్ణించి గదిలోకి తొంగి చూసి కొలత సరిచూసుకుంటోంది.

"కుర్చీ ఆ గోడకి కాదు బావా, ఇటు తిప్పి వేసుకో. నాను ఏటైనా అడిగినప్పుడు నీ నోరు కదలడం నాకు కనబడాల."

ధర్మేంద్ర తన గొంతుతో, తన నోటితో, ఒక పెద్ద నిట్టూర్పు విడిచి కుర్చీ తెచ్చుకోడానికి వెళ్ళాడు.